కార్స్ అడ్డొచ్చినప్పుడు: బయటి డేటాను బ్రౌజర్‌లోకి తెచ్చుకునే దారుల్లో ఏది ఎవరికి?

బయటి సర్వర్ నుంచి డేటా తెచ్చుకోవడానికి జావాస్క్రిప్ట్‌లో ఫెచ్ రాశారు. అదే యూఆర్ఎల్‌ని ఇంకో ట్యాబ్‌లో తెరిస్తే డేటా కళ్లెదురుగా ఉంది. రిక్వెస్టులు పంపి చూసే పోస్ట్‌మన్ అనే టూల్‌లోనూ వస్తోంది. మీ పేజీలోకి మాత్రం రాదు. కన్సోల్‌లో ఎర్రటి అక్షరాల్లో ‘బ్లాక్డ్ బై కార్స్ పాలసీ’ అని పడుతుంది. కార్స్ అంటే క్రాస్ ఆరిజిన్ రిసోర్స్ షేరింగ్, ఒక సైట్ డేటాని ఇంకో సైట్ పేజీ చదవొచ్చా లేదా అని తేల్చే నియమాలు. తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో ప్రాజెక్టు రివ్యూలు దగ్గరపడేకొద్దీ ఈ స్క్రీన్‌షాట్ పట్టుకుని టెన్షన్ పడేవాళ్లు పెరుగుతారు. బస్టాండు చుట్టుపక్కల లాడ్జీలకూ ట్రావెల్స్‌కూ సైట్లు చేసిపెట్టే కుర్రాళ్ల బాధ కూడా ఇదే. నెట్‌లో వెతికితే బోలెడన్ని చిట్కాలు దొరుకుతాయి. అన్నీ ఎక్కడో ఒకచోట పనిచేసేవే. మీ చోట ఏది పనిచేస్తుందో, ఏది రేపు మీ మెడకు చుట్టుకుంటుందో మాత్రం వాటిలో రాసి ఉండదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఎంపిక రెండు ప్రశ్నల మీద నడుస్తుంది. జవాబిచ్చే సర్వర్ ఎవరి చేతిలో ఉంది? ఆ డేటా ఎంత తాజాగా ఉండాలి? మొదటిది అందరికీ తడుతుంది. రెండోదాన్ని చాలామంది వేసుకోరు. వేసుకుంటే, మన ఊళ్లలో తయారయ్యే చిన్న సైట్లలో చాలావాటికి ప్రాక్సీ (మన తరఫున వెళ్లి డేటా తెచ్చే మధ్యవర్తి సర్వర్) కూడా అక్కర్లేదని తేలుతుంది.

అసలు ఆపుతున్నది ఎవరు?

1995లో నెట్‌స్కేప్ నావిగేటర్ 2తో జావాస్క్రిప్ట్ వచ్చింది. దాంతోపాటే సేమ్ ఆరిజిన్ పాలసీ అనే కట్టడి కూడా వచ్చింది. ఒక సైట్ నుంచి దిగిన స్క్రిప్టు ఇంకో సైట్ ఇచ్చే సమాచారాన్ని చదవకూడదన్నది దాని సారం. ఆరిజిన్ అంటే ప్రోటోకాల్, హోస్ట్ పేరు, పోర్టు, ఈ మూడూ కలిపి. వీటిలో ఒక్కటి మారినా బ్రౌజర్ దృష్టిలో అది పరాయి ఆరిజినే. మీ ల్యాప్‌టాప్‌లోనే పేజీ లైవ్ సర్వర్‌లో 5500 పోర్టు మీద, ఎక్స్‌ప్రెస్ బ్యాకెండ్ 3000 మీద నడుస్తుంటే అవి రెండూ ఒకదానికొకటి పరాయివే. హెచ్‌టీఎంఎల్ ఫైల్‌ని నేరుగా డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఆరిజిన్ ‘నల్’ అయిపోతుంది, అప్పుడు తిప్పలు ఇంకా ఎక్కువ. కాబట్టి ముందు చిన్న లోకల్ సర్వర్ ఒకటి పెట్టుకుని అందులోంచి పేజీ తెరవండి.

ఈ కట్టడి లేకపోతే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. మీరు ఒక ట్యాబ్‌లో బ్యాంకులో లాగిన్ అయి ఉన్నారు. ఇంకో ట్యాబ్‌లో ఎవరో పంపిన లింకు తెరిచారు. ఆ పేజీలోని స్క్రిప్టు బ్యాంకు సర్వర్‌కి రిక్వెస్ట్ పంపితే, మీ కుకీలు దాంతోపాటు వెళ్తే, జవాబులో మీ ఖాతా వివరాలు ఉంటాయి. వాటిని ఆ స్క్రిప్టు చదవకుండా ఆపేదే ఈ పాలసీ. పోస్ట్‌మన్‌కి మీ బ్రౌజర్ కుకీలతో పని లేదు. అందుకే దానికి ఈ గొడవే లేదు.

కార్స్ ఈ కట్టడికి సడలింపు. చాలామంది దాన్నే అడ్డుగోడ అనుకుంటారు గానీ, నిజానికి అది అడ్డుగోడలో తలుపు. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూత్రీసీ దీన్ని 2014 జనవరిలో ప్రమాణంగా ఖాయం చేసింది. ఇప్పుడు ఈ నియమాలన్నీ ఫెచ్ ప్రమాణంలో భాగం. మామూలు గెట్ రిక్వెస్ట్ అయితే అది సర్వర్‌కి వెళ్తుంది, జవాబూ వస్తుంది. లాడ్జి కౌంటర్‌కి పార్సిల్ వచ్చినా, పంపినవాళ్లు దాని మీద మీ పేరు రాయకపోతే క్లర్కు మీ చేతికి ఇవ్వడు చూడండి, బ్రౌజర్ చేసేదీ అంతే. ఆ పేరు రాసే చోటే ‘యాక్సెస్-కంట్రోల్-అలౌ-ఆరిజిన్’ అనే హెడర్ (జవాబుతోపాటు వచ్చే సూచన). అది రాయాల్సింది జవాబిచ్చే సర్వర్. మీ ఫెచ్‌లో ఈ హెడర్ కలిపితే ఏమీ జరగదు. పైగా అనవసరంగా ఇంకో పరీక్ష మొదలవుతుంది.

ఆ పరీక్ష పేరు ప్రీఫ్లైట్. జేసన్ (డేటాని టెక్స్ట్‌గా రాసే పద్ధతి) రకం బాడీతో పోస్ట్ పంపినా, ఆథరైజేషన్ లాంటి హెడర్ పెట్టినా, పుట్, డిలీట్ వాడినా బ్రౌజర్ ముందుగా ఆప్షన్స్ అనే రిక్వెస్ట్ పంపి ‘ఇలాంటిది పంపొచ్చా?’ అని అడుగుతుంది. సరైన అనుమతి రాకపోతే అసలు రిక్వెస్ట్ బయల్దేరదు.

దారి వెతికేముందు జబ్బు ఏదో చూడండి

కన్సోల్‌లో కార్స్ అని పడినంత మాత్రాన జబ్బు కార్స్ కానక్కర్లేదు. సర్వర్‌లో కోడ్ పగిలి 500 వచ్చిందనుకోండి. ఆ ఎర్రర్ పేజీకి కార్స్ హెడర్ ఉండదు. బ్రౌజర్‌కి కనిపించేది హెడర్ లేకపోవడమే కాబట్టి అదే చెబుతుంది. యూఆర్ఎల్‌లో అక్షరం తప్పి 404 వచ్చినా, రిక్వెస్టులు ఎక్కువై 429 వచ్చినా ఇదే సందేశం రావచ్చు. ఎన్‌జినెక్స్ అనే వెబ్ సర్వర్‌లో యాడ్-హెడర్‌తో పెట్టిన హెడర్, చివర ‘ఆల్వేస్’ అని రాయకపోతే, ఎర్రర్ జవాబులకు అంటుకోదు. ఈ ఒక్క మాట తెలియక పూటలు పూటలు పోతాయి. నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి స్టేటస్ కోడ్ ఎంతో చూడటం అందరికంటే ముందు చేయాల్సిన పని.

ఇంకో మూడు చూసుకోవాలి. ప్రీఫ్లైట్‌కి జవాబుగా సర్వర్ వేరే యూఆర్ఎల్‌కి దారి మళ్లిస్తే బ్రౌజర్ ఒప్పుకోదు. చివర స్లాష్ లేకపోవడం వల్లనో, హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కి పంపడం వల్లనో ఇది జరుగుతుంది. మీ పేజీ హెచ్‌టీటీపీఎస్‌లో ఉండి డేటా హెచ్‌టీటీపీలో ఉంటే అది మిక్స్‌డ్ కంటెంట్, కార్స్‌తో సంబంధం లేదు, ఏ హెడర్ పెట్టినా కదలదు. మూడోది కాస్త తమాషా. అప్లికేషన్ ఒకసారి, దాని ముందున్న ఎన్‌జినెక్స్ ఇంకోసారి అదే హెడర్ కలిపేస్తే విలువ రెండుసార్లు పడుతుంది. రెండూ సరైనవే అయినా బ్రౌజర్ తిరస్కరిస్తుంది. కార్స్ పనిచేయట్లేదని ఇంకోచోట కూడా హెడర్ కలిపి చూసేవాళ్లకు ఇది తప్పని అనుభవం.

సర్వర్ మీదే అయితే

ఫ్రంటెండ్ మీరు, బ్యాకెండ్ మీ బ్యాచ్‌మేట్ చేస్తుంటే, లేదా రెండూ మీవే అయితే, ఇక చిట్కాల జోలికి పోకండి. హెడర్ పెట్టించండి. ఎక్స్‌ప్రెస్‌కి, స్ప్రింగ్ బూట్‌కి, జాంగోకి, ఫాస్ట్ ఏపీఐకి అన్నిటికీ దీనికోసం తయారుగా ఉన్న ఏర్పాటు ఉంది. చేత్తో హెడర్లు రాయడం కంటే అదే మేలు, ఎందుకంటే ప్రీఫ్లైట్ సంగతి కూడా అదే చూసుకుంటుంది.

ఏం విలువ పెట్టాలన్న దగ్గర మాత్రం కాస్త ఆలోచించాలి. ఎవరైనా చూడొచ్చనుకునే డేటా అయితే నక్షత్రం గుర్తు (*, అంటే ఏ సైటైనా) పెట్టేయండి, తప్పేం లేదు. లాగిన్, కుకీలు ఉంటే నక్షత్రం పనికిరాదు. బ్రౌజరే ఒప్పుకోదు. అప్పుడు ఆరిజిన్ పూర్తి పేరు రాసి, దాంతోపాటు ‘యాక్సెస్-కంట్రోల్-అలౌ-క్రెడెన్షియల్స్’ విలువ ట్రూ అని ఇవ్వాలి. ఆ పేరు చివర స్లాష్ పెడితే అక్షరాలు సరిపోక మళ్లీ మొదటికి వస్తుంది. హెడర్‌లో ఒక్క ఆరిజినే పడుతుంది, కామాలు పెట్టి నాలుగు రాయడానికి లేదు. రెండు మూడు సైట్లకు అనుమతి ఇవ్వాలంటే, వచ్చిన ఆరిజిన్ మీ జాబితాలో ఉందో లేదో సర్వర్‌లో చూసి, ఉంటే దాన్నే తిరిగి రాయాలి. అలా చేసినప్పుడు ‘వేరీ: ఆరిజిన్’ అనే హెడర్ కూడా కలపండి. లేదంటే మధ్యలో ఉన్న కాష్ (జవాబులను దాచి మళ్లీ ఇచ్చే చోటు) ఒక సైట్‌కిచ్చిన జవాబును ఇంకో సైట్‌కి ఇచ్చేస్తుంది. జాబితా చూడకుండా వచ్చిన ఆరిజిన్‌ని వచ్చినట్టే తిరిగి రాసేసే కోడ్ నెట్‌లో చాలా చోట్ల కనిపిస్తుంది. లాగిన్ ఉన్న సైట్‌లో అది పెడితే కట్టడి మొత్తం ఎత్తేసినట్టే.

ప్రతి రిక్వెస్ట్ ముందూ ఆప్షన్స్ వెళ్తోందని, పేజీ నెమ్మదించిందని అనిపిస్తే ‘యాక్సెస్-కంట్రోల్-మ్యాక్స్-ఏజ్’ పెట్టండి. అది లేకపోతే బ్రౌజర్ ఆ అనుమతిని 5 సెకన్లే గుర్తుంచుకుంటుంది. మీరు ఎంత పెద్ద విలువ ఇచ్చినా క్రోమ్ 7200 సెకన్లకు మించి, ఫైర్‌ఫాక్స్ 86400 సెకన్లకు మించి ఉంచుకోవు.

హెడర్ కూడా అక్కర్లేని పద్ధతి ఒకటుంది, సొంత సర్వర్ ఉన్నవాళ్లకు నేను ఎక్కువగా చెప్పేది అదే. పేజీని, ఏపీఐని (డేటా ఇచ్చే సర్వర్ భాగాన్ని) ఒకే ఆరిజిన్ కింద పెట్టేయడం. ఎన్‌జినెక్స్‌లో ఏపీఐ అనే దారిలో వచ్చిన రిక్వెస్టులన్నీ లోపలి పోర్టుకి పంపమని రాస్తే, బ్రౌజర్‌కి అంతా ఒకే సైట్‌గా కనిపిస్తుంది. కార్స్ ప్రస్తావనే రాదు, కుకీలు కూడా సాఫీగా నడుస్తాయి. తయారీ దశలో ఇదే పని వీట్ లాంటి డెవలప్‌మెంట్ సర్వర్‌లోని ప్రాక్సీ ఏర్పాటు చేసిపెడుతుంది. అయితే అది ల్యాప్‌టాప్ వరకే. బిల్డ్ చేసి హోస్టింగ్‌లో పెట్టగానే ఆ ప్రాక్సీ ఉండదు. ‘మా రూమ్‌లో పనిచేసింది సార్, ఇక్కడ రావట్లేదు’ అని రివ్యూ రోజున వినిపించే మాటకు చాలాసార్లు కారణం ఇదే.

సర్వర్ మీది కాకపోతే, తలుపు తెరిచిపెట్టిన చోటికే వెళ్లండి

బ్రౌజర్ నుంచి నేరుగా వాడుకోమని కార్స్ తెరిచిపెట్టిన సర్వీసులు ఉన్నాయి. వాతావరణానికి ఓపెన్-మీటియో అలాంటిది. కీ (సర్వీసు మనకిచ్చే రహస్య కోడ్) అక్కర్లేదు. అక్షాంశం 13.63, రేఖాంశం 79.42 ఇస్తే తిరుపతి వాతావరణం జేసన్‌గా వచ్చేస్తుంది. కాలేజీ ప్రాజెక్టుకి ఇంతకంటే సులువు ఇంకోటి లేదు. కానీ షరతు చదవండి. ఉచితం అన్నది వాణిజ్యేతర వాడకానికి, అదీ రోజుకి 10,000 కాల్స్ లోపు. లాడ్జి సైట్ గదులు అమ్ముకునే సైట్ కాబట్టి ఆ లెక్కలోకి రాదు, డబ్బు కట్టే ప్లాన్ చూసుకోవాలి. డేటా ఎక్కడిదో పేజీలో పేరు రాయడం కూడా షరతుల్లో ఉంది.

గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టిన ఫైళ్లు కూడా నక్షత్రం హెడర్‌తోనే వస్తాయి. అంటే అక్కడ ఒక జేసన్ ఫైల్ పెడితే ఏ సైట్ నుంచైనా ఫెచ్ చేసుకోవచ్చు. ఈ విషయం కింద మళ్లీ అక్కరకొస్తుంది.

గూగుల్ షీట్‌లో రేట్లు రాసుకుని వాటిని సైట్‌లో చూపించాలనుకునే వ్యాపారులు మన దగ్గర చాలామంది. యాప్స్ స్క్రిప్ట్‌తో ఆ షీట్‌ని వెబ్ యాప్‌గా తెరిస్తే గెట్ బాగానే నడుస్తుంది. పోస్ట్ దగ్గరే చిక్కు. అది ఆప్షన్స్‌కి జవాబివ్వదు కాబట్టి జేసన్ రకంగా పంపితే ప్రీఫ్లైట్‌లోనే ఆగిపోతుంది. బాడీ జేసనే అయినా కంటెంట్ రకం ‘టెక్స్ట్ ప్లెయిన్’ అని పంపి, అవతల స్క్రిప్టులో జేసన్‌గా విడదీసుకుంటే వెళ్తుంది. చిన్న ఎంక్వైరీ ఫారానికి ఇది చాలు. బుకింగ్‌లు, డబ్బు లెక్కలు దీని మీద నడపొద్దు.

రోజుకోసారి మారే డేటాకి ప్రాక్సీ ఎందుకు?

అసలు విషయానికి వచ్చాను. చిత్తూరు చుట్టుపక్కల మామిడి రైతుల కోసం ఒక పేజీ అనుకోండి. బంగారుపాళ్యం, దామలచెరువు వైపు నుంచి తోతాపురి తోలే రైతు చూసేది ఆ రోజు రేటు, రేపటి వాన. లేదా మదనపల్లె టమోటా రేటు. మండీ ధరలు భారత ప్రభుత్వ ఓపెన్ డేటా వేదిక డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో రోజువారీ జాబితాగా దొరుకుతాయి, అవి అగ్‌మార్క్‌నెట్ అనే ప్రభుత్వ మార్కెట్ ధరల పోర్టల్ నుంచి వచ్చేవి. వాడాలంటే రిజిస్టర్ చేసుకుని ఏపీఐ కీ తీసుకోవాలి. ఇక్కడ మన కుర్రాళ్లు చేసేది ఏమిటంటే, బ్రౌజర్ నుంచి నేరుగా పిలవడం, కార్స్ అడ్డొస్తే ప్రాక్సీ వెతకడం. నిజానికి అడ్డు రాకపోయినా అలా పిలవకూడదు. బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్‌లో పెట్టిన కీ ఎవరికైనా కనిపిస్తుంది. నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే చాలు.

ఈ డేటా రోజుకోసారి మారుతుంది. వెయ్యి మంది చూసినా అందరికీ కనిపించాల్సింది ఒకే జాబితా. అలాంటప్పుడు పేజీ తెరిచిన ప్రతిసారీ బయటి సర్వర్‌ని తట్టడం ఎందుకు? పొద్దున, సాయంత్రం ఒక చిన్న ప్రోగ్రామ్ వెళ్లి డేటా తెచ్చి, మన జిల్లా వరసలు మాత్రం ఏరి, జేసన్ ఫైల్‌గా మన సైట్ పక్కనే పెట్టేస్తే సరి. పేజీ ఆ ఫైల్‌ని చదువుకుంటుంది. అది మన ఆరిజినే, కార్స్ లేదు. కీ బయటపడదు. బయటి సర్వర్ రెండు గంటలు పడిపోయినా మన పేజీలో పాత రేటు అలాగే కనిపిస్తుంది. పల్లెల్లో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఫోన్లకు చిన్న ఫైల్ తొందరగా దిగుతుంది. ఇంత లాభం ఇంకే దారిలోనూ లేదని నా నమ్మకం. చూడటానికి గొప్పగా ఉండదు, అంతే.

ఆ ప్రోగ్రామ్‌ని ఎక్కడ నడపాలి? షేర్డ్ హోస్టింగ్‌లో పీహెచ్‌పీ సైట్ ఉన్నవాళ్లకు సీప్యానెల్‌లోనే క్రాన్ జాబ్ (చెప్పిన టైముకి ప్రోగ్రామ్ నడిపే ఏర్పాటు) ఉంటుంది. చిన్న పీహెచ్‌పీ ఫైల్ రాసి టైమ్ పెట్టేస్తే చాలు. సైట్ గిట్‌హబ్‌లో ఉంటే అలాంటి పనికే గిట్‌హబ్ యాక్షన్స్ ఉంది. కీని సీక్రెట్స్‌లో దాచి, స్క్రిప్టు నడిపి, ఫైల్‌ని కమిట్ చేయిస్తే పేజెస్‌లోకి అదే వెళ్తుంది. ఇందులో తెలుసుకోవాల్సిన మెలికలు కొన్ని ఉన్నాయి. అక్కడి టైమ్ యూటీసీ లెక్క, మనకంటే ఐదున్నర గంటలు వెనక, కాబట్టి మనకి పొద్దున 6 గంటలు కావాలంటే 0:30 అని రాయాలి. 5 నిమిషాలకంటే దగ్గర దగ్గరగా నడపడానికి లేదు. సరిగ్గా గంట మొదట్లో పెడితే రద్దీ వల్ల ఆలస్యం కావచ్చు, అందుకే 7 నిమిషాలో 23 నిమిషాలో దాటిన టైమ్ పెట్టడం మంచిది. పబ్లిక్ రిపాజిటరీలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే షెడ్యూల్ దానంతటదే ఆగిపోతుంది. మామిడి సీజన్ అయిపోయాక వదిలేసిన పేజీ మరుసటి ఏడాది ఎందుకు కదలట్లేదా అని తల పట్టుకునేముందు ఇది గుర్తు తెచ్చుకోండి.

కొత్త డేటా తేవడం విఫలమైతే పాత ఫైల్‌ని చెరపకండి. సగం వచ్చిన జవాబునో ఖాళీ జాబితానో దాని మీద రాసేస్తే పేజీ ఖాళీ అవుతుంది. ముందు వేరే పేరుతో రాసి, వరసలు ఉన్నాయని చూసుకున్నాకే పేరు మార్చండి. ఫైల్ ఎప్పటిదో పేజీలో పెద్ద అక్షరాల్లో కనిపించాలి. రేటు చూసిన రైతు మొదట అడిగేది, ‘ఇది ఈ పొద్దు రేటా నైనా, నిన్నటిదా?’ అనే. ఆ జవాబు స్క్రీన్ మీద లేకపోతే ఆయన మీ పేజీని పక్కనపెట్టి మండీకే ఫోన్ చేస్తాడు, చేయాలి కూడా.

ప్రాక్సీ ఎప్పుడు తప్పదు?

చూసే మనిషిని బట్టి డేటా మారుతున్నప్పుడు ముందే తెచ్చి పెట్టుకోలేం. యూజర్ రెండు ఊళ్ల పేర్లు టైప్ చేస్తే వాటి మధ్య దూరం కావాలి, పిన్ కోడ్ కొడితే పోస్టాఫీసు రావాలి, అలాంటి చోట్ల. అవతలి సర్వర్‌లో హెడర్ లేదు, లేదా కీ దాచాలి. అప్పుడు మధ్యలో మీ సొంత ప్రాక్సీ పెట్టుకోవాలి. బ్రౌజర్ మీ ప్రాక్సీని అడుగుతుంది, అది అవతలి సర్వర్‌ని అడుగుతుంది. సర్వర్‌కీ సర్వర్‌కీ మధ్య కార్స్ ఉండదు.

ఎక్కడ పెట్టుకోవాలన్నది మీ దగ్గర ఉన్నదాన్ని బట్టి. ఇప్పటికే పీహెచ్‌పీ హోస్టింగ్ ఉంటే, కర్ల్ వాడే ఒక చిన్న ఫైల్ అదే డొమైన్‌లో పెట్టుకోండి, కొత్తగా ఖాతాలు తెరవక్కర్లేదు. సైట్ మొత్తం స్టాటిక్ ఫైళ్లే అయితే క్లౌడ్‌ఫ్లేర్ వర్కర్స్ సౌకర్యం, ఉచిత ప్లాన్‌లో రోజుకి 1,00,000 రిక్వెస్టుల దాకా ఇస్తుంది. చిన్న ట్రావెల్స్ సైట్‌కి అది చాలా ఎక్కువ. నేనైతే పీహెచ్‌పీ ఉన్నచోట పీహెచ్‌పీకే ఓటు వేస్తాను. రేపు ఆ సైట్ ఇంకొకరి చేతికి వెళ్లినా తిరుపతిలో అది అర్థమయ్యే మనిషి దొరుకుతాడు.

ఎక్కడ పెట్టినా ఒక నియమం తప్పొద్దు. యూఆర్ఎల్ ఏదిస్తే దాన్ని తెచ్చిపెట్టే ప్రాక్సీ రాయొద్దు. అది కొద్ది రోజుల్లోనే ఊళ్లో అందరిదీ అయిపోతుంది. మీ హోస్టింగ్ అడ్రస్ మీద ఎవరో ఏదో చేస్తారు, నోటీసు మీకొస్తుంది. క్లౌడ్ సర్వర్ అయితే ఇంకా ప్రమాదం. 169.254.169.254 అనే లోపలి అడ్రస్‌ని మీ ప్రాక్సీ చేతే తెరిపించి ఆ సర్వర్ తాళాలు పట్టుకుపోయే దాడి అందరికీ తెలిసినదే. కాబట్టి అవతలి చిరునామా ప్రాక్సీ కోడ్‌లోనే రాసి ఉండాలి. యూజర్ నుంచి పిన్ కోడ్ లాంటి విలువ మాత్రమే తీసుకోవాలి, అది ఆరు అంకెలే అని తేల్చుకున్నాకే ముందుకు పంపాలి. ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంటే జవాబును కాసేపు కాష్ చేయండి. అవతలి సర్వర్ పలకకపోతే ఎన్ని సెకన్లకు వదిలేయాలో కూడా రాసిపెట్టండి.

వాడొద్దనేవి

ఊరూపేరూ తెలియని పబ్లిక్ ప్రాక్సీలు మొదటి వరసలో ఉంటాయి. యూఆర్ఎల్ ముందు ఒక ముక్క తగిలిస్తే చాలు, పనైపోతుంది. కార్స్ ఎనీవేర్ అనే డెమో సర్వర్‌ని ఏళ్ల తరబడి అందరూ ఇలాగే వాడారు. దాన్ని నడిపేవారు దుర్వినియోగం ఎక్కువైందని 2021 జనవరి 31 నుంచి గట్టి పరిమితులు పెట్టారు. ఆ ఒక్క ముక్కని నమ్ముకున్న సైట్లన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. దాని కోడ్ తెరిచే ఉంది, సొంతంగా పెట్టుకోవచ్చు. కానీ పరాయి ప్రాక్సీ గుండా వెళ్లే ప్రతి రిక్వెస్టూ, మీ కీలతో సహా, నడిపేవాడి కళ్లబడుతుందని మర్చిపోవద్దు. అతను జవాబును మార్చి పంపినా మీకు తెలియదు.

ఫెచ్‌లో మోడ్ ‘నో-కార్స్’ అని పెట్టమనే సలహా బాగా తిరుగుతోంది. పెడితే ఎర్రర్ పోతుంది, నిజమే. డేటా కూడా రాదు. వచ్చేది చదవడానికి వీల్లేని జవాబు, స్టేటస్ 0, బాడీ ఖాళీ. చదవాల్సిన అవసరం లేని చోట తప్ప దాంతో మనకి పని లేదు.

జేసన్‌పీ పాతకాలపు ఉపాయం, 2005లో బాబ్ ఇప్పోలిటో ప్రతిపాదించారు. స్క్రిప్ట్ ట్యాగ్‌కి సేమ్ ఆరిజిన్ కట్టడి లేదు కాబట్టి, డేటాని ఒక ఫంక్షన్ పిలుపులో చుట్టి స్క్రిప్టుగా పంపుతారు. గెట్ తప్ప మరేదీ నడవదు, ఎర్రర్ ఏమిటో సరిగ్గా తెలియదు. అవతలివాళ్లు పంపిన కోడ్‌ని మన పేజీలో నడవనివ్వడం కాబట్టి వాళ్లని పూర్తిగా నమ్మాల్సిందే. పాత సర్వీసు అదొక్కటే ఇస్తోందంటే తప్ప ఇప్పుడు దాని జోలికి పోవడానికి కారణం నాకు కనిపించదు.

బ్రౌజర్‌లో కార్స్ ఆపేసే ఎక్స్‌టెన్షన్లు, వెబ్ సెక్యూరిటీని తీసేసి క్రోమ్‌ని తెరిచే పద్ధతి మీ ల్యాప్‌టాప్‌లోనే పనిచేస్తాయి. చూడటానికి వచ్చేవాళ్ల ఫోన్లలో అవి ఉండవు. పరీక్ష కోసం వాడినా విడిగా ప్రొఫైల్ పెట్టుకోండి, ఆ విండోలో మెయిల్, బ్యాంకు తెరవకండి.

ఫెచ్ అవసరమే లేని పనులు కూడా కొన్ని ఉన్నాయి. లాడ్జి ఎక్కడుందో మ్యాప్ చూపించాలంటే ఐఫ్రేమ్ (పరాయి పేజీని మన పేజీలో చూపించే ట్యాగ్) ఎంబెడ్ చాలు. యూట్యూబ్ వీడియో అయినా అంతే. లోపల ఉన్నది చదవాలంటేనే కార్స్ వస్తుంది, చూపించడానికి రాదు.

దర్శనం పేజీ సంగతి

తిరుపతిలో ఇంచుమించు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరికి దర్శనం టికెట్లు ఖాళీగా ఉన్నాయో లేదో చూపించే పేజీ చేయాలనిపిస్తుంది. లాడ్జి ఓనర్లు కూడా అడుగుతారు: ‘మా సైట్‌లోనే కనబడేట్టు చెయ్యి తమ్ముడూ, గెస్టులు అదే అడుగుతా ఉండారు.’ పైన చెప్పిన దారుల్లో ప్రాక్సీ దారి దీనికి సాంకేతికంగా నడిచినా నడవొచ్చు. నా సలహా మాత్రం వద్దనే. ఒక సర్వర్ కార్స్ హెడర్ పెట్టలేదంటే, బయటి పేజీలు దాని డేటాని తీసుకెళ్లడానికి అది అనుమతి ఇవ్వలేదనే అర్థం. బహిరంగ మండీ ధరల విషయంలో వాడుకోవచ్చని కీ ఇచ్చి మరీ చెబుతున్నారు, ఇక్కడ అలాంటి మాట లేదు. లాగిన్ దాకా వెళ్తే ఇంకా పెద్ద చిక్కు. భక్తుల ఫోన్ నంబర్లు, ఓటీపీలు మీ ప్రాక్సీ గుండా పోతాయి. నకిలీ సైట్లను నమ్మి మోసపోవద్దని టీటీడీ భక్తులను పలుమార్లు హెచ్చరించింది. మంచి ఉద్దేశంతో చేసినా మీ పేజీ ఆ నకిలీ వాటికి ఏ రకంగా భిన్నమో బయటివాళ్లకు తెలిసే మార్గం లేదు.

అక్కడ ఒక బటన్ పెట్టండి. అధికారిక సైట్ చిరునామా అక్షరం అక్షరం సరిచూసుకుని లింకు ఇవ్వండి, కొత్త ట్యాబ్‌లో తెరుచుకునేలా. పక్కనే ‘మీరు టీటీడీ అధికారిక సైట్‌కి వెళ్తున్నారు, టికెట్లతో మా లాడ్జికి సంబంధం లేదు’ అని ఒక వాక్యం, తెలుగులోనూ తమిళంలోనూ. మన లాడ్జీలకు వచ్చేవాళ్లలో తమిళనాడువాళ్లు తక్కువేం కాదు.